సుందరరావు గారి గొంతు దాచిన రెండు డిస్కులు

2023, కార్తీక మాసం. నందిగామ బజారు వెనక సందులో, మేడ మీద ఒక గది. ప్రచార ఆటోల్లో వినిపించే ప్రకటనలు రికార్డు చేసే చిన్న స్టూడియో అది. సీసీ కెమెరా వైరు మార్చడానికి వెళ్ళాను. పని అయిపోయి, గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నాను. స్టూడియో యజమాని భాస్కర్ గారు దేవుడి పటానికి దండం పెట్టి, అదే చేత్తో గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగారు. లైటు, ఫ్యాను, కంప్యూటరు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ మసక చీకట్లో బల్ల కింద నుంచి చిన్న చప్పుడు వచ్చింది. ముందు టక్కుమని, ఆ తర్వాత ఎవరో ఈల వేస్తూ దూరంగా వెళ్ళిపోతున్నట్టు సన్నగా. నా కాలు సగం చెప్పులో ఉండగానే ఆగిపోయాను.

నాకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళ ఊపిరి వింటూ నిద్రపోయే అలవాటు. పెద్దవాడి ఊపిరిలో చిన్న గురక చేరినా, చిన్నదానిది కాస్త ఆగి వచ్చినా మెలకువ వచ్చేస్తుంది. ఆ అలవాటే పనిలోకీ వచ్చిందేమో, యంత్రాలనూ చెవితోనే చూస్తాను. ఆ చప్పుడు నాకు నచ్చలేదు.

"బల్ల కింద ఏముందండీ?" అని అడిగాను.

"హార్డ్ డిస్కమ్మా. మామూలుది కాదు, ఎంటర్‌ప్రైజ్ డిస్కు. హైదరాబాదు నుంచి తెప్పించా. పెద్ద పెద్ద ఆఫీసుల్లో వాడేది. దానికేం కాదు."

"రోజూ ఇలాగే ఆపుతారా?"

"కొట్టు కట్టేసేటప్పుడు మెయిన్ ఆపకుండా ఎవరెళ్తారమ్మా?"

నిజమే, నందిగామలోనూ, మా జగ్గయ్యపేటలోనూ ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో ఒక బట్టల కొట్టు రాత్రిపూట తగలబడిందట. ఏ ఊళ్ళోనో, ఏ సంవత్సరమో చెప్పేవాళ్ళు లేరు. కానీ ఆ భయం మాత్రం బజారంతా మిగిలింది. దండం, మెయిన్, షట్టరు, తాళం. ఈ వరస తప్పితే ఇంటికెళ్ళినా అన్నం సహించదు. మా మామగారు కూడా తన ఎరువుల కొట్టు ఇలాగే కట్టేవారు.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. బీటెక్ అయ్యాక కొన్నాళ్ళు హైదరాబాదులో ఒక కంపెనీలో స్టోరేజ్ విభాగంలో పనిచేశాను. స్టోరేజ్ అంటే సమాచారాన్ని దాచే పని. మా ఆయనకు జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చేశాను. పేటలో చిన్న షాపు పెట్టుకున్నాను. కంప్యూటర్లు బాగుచేయడం, కెమెరాలు బిగించడం, పాడైన డిస్కుల్లోంచి పోయినవాటిని బయటికి తీయడం. మూడోదాన్ని డేటా రికవరీ అంటారు. నాకు ఇష్టమైన పనీ అదే, నిద్ర పట్టనివ్వని పనీ అదే.

హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద హెడ్ అనే చిన్న ముక్క, తాకీ తాకనట్టు, వెంట్రుక కంటే సన్నని గాలి పొర మీద తేలుతూ చదువుతుంది, రాస్తుంది. కంప్యూటరును పద్ధతిగా ఆపితే హెడ్ తీరిగ్గా తన చోటికి వెళ్ళి కూర్చుంటుంది. కరెంటు హఠాత్తుగా పోతే, తిరుగుతున్న పళ్ళేల్లో మిగిలిన కాస్త ఊపుతోనే ఒక్క ఉదుటున గట్టుకి దూకాలి. నేను విన్న టక్కు ఆ దూకుడే. అప్పుడప్పుడూ అయితే ఏ డిస్కైనా తట్టుకుంటుంది. రోజూ అంటే, పిల్లని రోజూ నిద్రలోంచి చేయి పట్టుకుని లాగి నిలబెట్టినట్టే.

"దీనికి ఇంకో కాపీ ఉందాండీ?" అన్నాను.

"ఐదేళ్ళ వారంటీ ఉంది."

"వారంటీ డబ్బాకండీ. పాడైతే కొత్తది, ఖాళీది ఇస్తారు. లోపలున్నది ఇవ్వరు."

ఆయన నవ్వి, పిల్లలున్న వాళ్ళకి అన్నిట్లోనూ భయమేనమ్మా అన్నారు. తాళం వేసి, దాన్ని రెండుసార్లు లాగి చూసుకున్నారు. నేను బస్సెక్కాను. కిటికీ పక్కన పత్తి చేలు వెన్నెల్లో తెల్లగా, ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ఆగాయో తెలియకుండా వెళ్తున్నాయి. చిల్లకల్లు దాటేదాకా ఆ ఈల నా చెవిలో తగ్గుతూనే ఉంది, ఆగలేదు.

కొన్నాళ్ళకు రేవతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. మా వీధి చివరింటి అమ్మాయి, పురిటికి పుట్టింటికి వచ్చింది. వాళ్ళ నాన్న సుందరరావు గారంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు, ముఖం తెలియకపోయినా. మైకు సుందరరావు. చీరల కొట్టు ప్రారంభమైనా, పత్తి విత్తనాలు వచ్చినా, వేదాద్రి గుళ్ళో కల్యాణమైనా ముందు ఆయన గొంతే వీధిలోకి వచ్చేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం కునుకులో, ఆ గొంతు దూరం నుంచి మొదలై మా గుమ్మం ముందు పెద్దదై మళ్ళీ మలుపు తిరిగి కరిగిపోతుంటే, ఊరే నన్ను పలకరించి వెళ్ళినట్టుండేది. కిందటేడు ఆయనకు గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. గొంతు పోయింది.

రేవతికి ఆడపిల్ల పుట్టింది. వచ్చే ఆదివారం బారసాల. కొన్నేళ్ళ కిందట పోయిన వాళ్ళమ్మ పేరు, జానకి, పెట్టుకుంటున్నారు. పేరు పెట్టేటప్పుడు ఇంటి పెద్ద పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు ఆ పేరు చెప్పడం వాళ్ళింట్లో ఆనవాయితీ. ఆ ఇంట్లో పిల్లలందరి చెవుల్లోనూ సుందరరావు గారే చెప్పారట. ఇప్పుడు వేరేవాళ్ళని చెప్పమని ఆయనే సైగ చేస్తున్నారట.

"మా నాన్నే చెప్పాలక్కా," అంది రేవతి. "శ్రీరామనవమి ప్రకటనలో 'జానకీ కల్యాణం' అంటాడు, విన్నారుగా. ఆ ఒక్క మాట చాలు. భాస్కర్ గారి దగ్గర ఉండాల్సింది, ఓపెన్ కావట్లేదంటున్నారు. మీరు తీస్తారా?"

చూస్తానన్నాను. తీస్తానని ఎప్పుడూ అనను.

మర్నాడు భాస్కర్ గారు డిస్కును తువ్వాలులో చుట్టి పేటకు తెచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. ఇంతకుముందు నవ్విన మనిషి, బల్ల మీద అది పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఎంటర్‌ప్రైజ్ కదమ్మా. మామూలుదాని కంటే ముందే ఎందుకు పోయింది?" అన్నారు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇళ్ళల్లో వాడే డిస్కును కన్స్యూమర్ డిస్కు అంటారు. రోజుకు కొన్ని గంటలు పనిచేసి, మిగతా సేపు విశ్రాంతి తీసుకునేలా చేస్తారు. ఎంటర్‌ప్రైజ్ డిస్కు రాత్రీ పగలూ ఆగకుండా తిరగడానికి తయారవుతుంది. పక్కపక్కనే వరసగా పేర్చినా ఒకదాని అదురు ఇంకొకదాన్ని తడబెట్టదు. పరీక్షలూ ఎక్కువ చేస్తారు, వారంటీ కాలమూ ఎక్కువ. ఇవన్నీ నిజాలే. కానీ అది చల్లటి గదిలో, కరెంటు పోని చోట, తనలాంటి నాలుగింటి మధ్య బతకడానికి పుట్టింది. భాస్కర్ గారు దాన్ని ఒక్కదాన్నే తెచ్చి, బల్ల కింద దుమ్ములో పెట్టి, రోజూ సాయంత్రం మెయిన్ లాగారు. దీనివల్లే పోయిందని ప్రమాణం చేసి చెప్పలేను. ఏ డిస్కైనా ఏ కారణం లేకుండానూ పోతుంది. అదే పని ఇంకో డిస్కు కొన్నేళ్ళు భరించినా ఆశ్చర్యపోను.

మా షాపు ముందు సిమెంటు లారీలు వెళ్తే బల్ల అదురుతుంది. అందుకని మా చిన్నదాని పాత బొంత మడతపెట్టి, దాని మీద రేకు, రేకు మీద డిస్కు ఉంచి, పక్కన చిన్న ఫ్యాను పెట్టాను. హెడ్ కొట్టుకుంటున్న చప్పుడైతే వెంటనే ఆపేసి, దుమ్ములేని గది ఉన్న హైదరాబాదు ల్యాబుకు పంపేదాన్నే. అది కాదు. పళ్ళెం మీద కొన్నిచోట్ల మచ్చలు పడ్డాయి. అలాంటప్పుడు ఇమేజింగ్ అనే పని చేస్తాం. ముందు తేలిగ్గా వచ్చేదంతా వేరే డిస్కులోకి దించుకోవడం, మొండికేసిన చోట్లను వదిలేసి ముందుకెళ్ళడం, చివర్లో మళ్ళీ వెనక్కొచ్చి ఒక్కో మచ్చ దగ్గరా బతిమాలడం.

సుందరరావు గారు ఆ మధ్యాహ్నమే వచ్చారు. పొడుగాటి మనిషి. మెడ చుట్టూ తెల్లటి పలచని కండువా. గొంతు దగ్గర చేసిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటారు. ఆ చోట కండువా మెల్లగా లేచి పడుతుంటుంది. నాకు దండం పెట్టి, డిస్కుకూ దండం పెట్టి, స్టూలు మీద కూర్చున్నారు. మాట్లాడితే పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. కాసేపటికి పెదాలను చదవడం అలవాటైంది. గొంతుకి ఆనించి మాట్లాడే యంత్రం ఇచ్చారు కదా, వాడరేం అని అడిగాను. జేబులోంచి తీసి చూపించి, రెండు వేళ్ళతో జుయ్యిమనే ఈగ ఎగురుతున్నట్టు ముఖం చుట్టూ తిప్పి, దాన్ని అరచేత్తో కొట్టినట్టు సైగ చేశారు. మా ఎదుటి టీ కొట్టాయన పడీపడీ నవ్వాడు.

దిగిన ఫైళ్ళను దిగినట్టు స్పీకర్లో పెట్టాను. షట్టరు కింద నుంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో సిమెంటు దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. స్పీకర్లోంచి సుందరరావు గారు, "అక్కలారా, చెల్లెళ్ళారా, ఆలసించిన ఆశాభంగం," అంటున్నారు. నా ముందు కూర్చున్న సుందరరావు గారి పెదాలు ఆ మాటలతోపాటే కదులుతున్నాయి. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ సాగదీయాలో, ఒక్క రవ్వ తేడా లేదు. ఒక క్షణం ఆ గొంతు ఆయన లోంచే వస్తోందనిపించింది. ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియకుండా పోయింది. వీధిలో వెళ్తున్న ఒకావిడ ఆగి, "సుందరరావు గారికి మాటొచ్చిందా?" అని లోపలికి తొంగిచూసింది. ఆయన చీరల కొట్టు ప్రకటన అయ్యేదాకా పెదాలు కదుపుతూనే ఉండి, చివర్లో ఆవిడకు నమస్కారం పెట్టారు.

అలా రెండు మూడు మధ్యాహ్నాలు గడిచాయి. ప్రకటనలు చాలావరకు వచ్చాయి. విత్తనాలు, బడి అడ్మిషన్లు, కంటి శిబిరం. శ్రీరామనవమిది మాత్రం రాలేదు. "భక్త మహాశయులారా" అని మొదలై, తర్వాత నిశ్శబ్దం. ఎంతో సేపు నిశ్శబ్దం. చివర "తరలి రండి" అని మళ్ళీ గొంతు. మధ్యలో కల్యాణమంతా ఆ మచ్చ కిందే ఉంది.

ఇక్కడే రెండు రకాల డిస్కుల మధ్య నేను ఎప్పటికీ మర్చిపోలేని తేడా ఒకటుంది. ఒక చోట చదవలేకపోతే ఎంటర్‌ప్రైజ్ డిస్కు కొద్ది సెకన్లే ప్రయత్నిస్తుంది. తర్వాత రాదని చెప్పి తప్పుకుంటుంది. అది దాని తప్పు కాదు. అలాగే నేర్పారు. ఆఫీసుల్లో దాని పక్కన ఇంకో డిస్కు ఉంటుంది. నాకు రాకపోతే వాడు చెబుతాడు, పని ఆగకూడదు అనే లెక్క. కన్స్యూమర్ డిస్కు ఇంట్లో ఒంటరిది. దాని బదులు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే అదే చోట మళ్ళీ మళ్ళీ తడుముతుంది. కంప్యూటరు బిగుసుకుపోయినా వదలదు. మనం విసుక్కుంటాం గానీ, అది వెతుకుతోంది.

ఈ డిస్కుకూ ఆ తొందర తగ్గించే సెట్టింగు ఉంది. మార్చాను. ఎంత సేపైనా వెతుక్కో, నీ పక్కన ఎవరూ లేరు అని చెప్పడమే అది. మచ్చ అంచుల్లోంచి కొంచెం కొంచెం వచ్చింది. "సీతా" అన్న ముక్క వచ్చింది. "రాముల" రాలేదు. "జానకి" రాలేదు. హైదరాబాదు ల్యాబులో తెలిసినాయనకు ఫోన్ చేసి రీడింగులు చెప్పాను. పళ్ళెం మీద పూతే పోయినట్టుంది, మా దగ్గరికి తెచ్చినా ఆ చోటు రాదు అన్నాడు.

ఆ పూట సుందరరావు గారికి చెప్పలేక, ఇంకా నడుస్తోందన్నాను. ఆయన నా ముఖం చూసి, డిస్కును చూసి, లేచి కండువా సర్దుకున్నారు. వెళ్తూ వెళ్తూ మా షాపులో ఆడుకుంటున్న చిన్నదాని తల నిమిరారు. అది ఆయన మెడలోంచి వచ్చే ఊపిరి చప్పుడు విని, "తాతా, నీకు జలుబా?" అని అడిగింది. ఆయన అవునని తలూపారు. ఆ రాత్రి ఇంట్లో దానికి రెండు తుమ్ములొస్తే థర్మామీటరు తీశాను. మా అత్తయ్య, "డిస్కుకి జ్వరమొస్తే పిల్లకి చూస్తావేంటే," అంది.

శుక్రవారం నందిగామ వెళ్ళి భాస్కర్ గారికి విషయం చెప్పాను. నవమి ప్రకటన ఎవరికైనా ఫోన్లో పంపారా, ఆటో వాళ్ళ దగ్గర పెన్‌డ్రైవ్ ఉందా అని అడిగాను. ఆటో మారిపోయింది, పెన్‌డ్రైవ్ మీద పాతవి చెరిపి వేరేవి ఎక్కించేవాళ్ళట. ఆయన తల పట్టుకుని, అన్నిటికంటే మంచిదని మంచివన్నీ దాంట్లోనే పెట్టానమ్మా అన్నారు.

"మంచివి కానివి ఎక్కడ పెట్టారు?" అన్నాను. ఏదో ఆలోచించి అడిగింది కాదు. నోటికొచ్చింది.

"చెత్తా? ఆ చెత్తంతా పాత సిస్టంలోనే ఉంది."

పాత సిస్టం గది మూలన ఉంది. దాని మీద యాంప్లిఫయరు, దాని మీద ప్లాస్టిక్ పూల కుండీ. భాస్కర్ గారిది ఒక పని పద్ధతి. రెడీ అని చెప్పి మొదలుపెట్టమంటే సుందరరావు గారి గొంతు బిగుసుకుపోతుందట. కబుర్లు చెబుతూ చెబుతూ హఠాత్తుగా అందుకుంటే అమృతంలా వస్తుందట. అందుకని ఆయన మెట్లెక్కి లోపలికి రాగానే రికార్డింగు నొక్కేసి, వెళ్ళేదాకా ఆపేవారు కాదు. తర్వాత పనికొచ్చే ముక్క కత్తిరించుకునేవారు. ఆ ముక్కలు ఎంటర్‌ప్రైజ్ డిస్కులోకి వెళ్ళాయి. మిగతాదంతా, దగ్గులు, కబుర్లు, టీ తాగిన చప్పుళ్ళు, పాత మామూలు డిస్కులో ఉండిపోయాయి. తుడిచేద్దామనుకుంటూనే బద్ధకించారు.

అది కన్స్యూమర్ డిస్కు. ఎన్నాళ్ళుగానో కరెంటు చూడలేదు. అలాంటిదాన్ని మొదటిసారి తిప్పాలంటే భయం. అంటుకుపోయి ఉండొచ్చు, ఒక్కసారి తిరిగి మళ్ళీ తిరగకపోవచ్చు. దాన్ని తీసి, ఒళ్ళో పెట్టుకుని పేటకు తెచ్చాను. మర్నాడు పొద్దున్నే బొంత మీద పెట్టి కరెంటు ఇచ్చాను. ముందు మూలిగింది. తర్వాత, నిద్రలేచిన ముసలమ్మ గోడలు పట్టుకుని నడిచినట్టు, ఆగి ఆగి తిరగడం మొదలుపెట్టింది. సుందరరావు గారు కూడా వచ్చి కూర్చున్నారు. ఈసారి ఏ ఆశా లేదన్నట్టు గోడకు ఆనుకున్నారు.

దీంట్లోనూ మచ్చలున్నాయి. శ్రీరామనవమి నాటి ఫైలు దగ్గర ఆగిపోయింది. తెర మీద గీత కదలదు. డిస్కు మాత్రం లోపల గుర్రు గుర్రుమని అదే చోట తడుముతోంది. ఆపేద్దామా అని చేయి పెట్టాను. సుందరరావు గారు వేళ్ళతో బల్ల మీద తట్టి, వద్దన్నట్టు అరచేయి చూపించారు. లారీలు వెళ్ళాయి. ఎండ బల్ల మీద నుంచి నేల మీదకు దిగింది. మాకిద్దరికీ కునుకు పట్టినట్టయింది. ఎన్నిసార్లు తడిమిందో తెలియదు, గీత ఒక్కసారి ముందుకు జరిగింది.

ఫైలు పెట్టాను. ముందు వీధి చప్పుడు, హారన్లు. మెట్లెక్కుతున్న అడుగులు. భాస్కర్ గారు ఎవరినో టీ తెమ్మంటున్నారు. కుర్చీ కిర్రుమంది. సుందరరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత, మైకు గొంతుతో కాదు, ఇంట్లో మాట్లాడే గొంతుతో,

"జానకీ, ఆ మంచినీళ్ళ సీసా ఇటియ్యి."

వెంటనే ఒక ఆడమనిషి గొంతు.

"మెల్లగా చెప్పండి. నేనేం ఊరి చివర లేను."

భాస్కర్ గారి నవ్వు. సీసా మూత తిప్పిన చప్పుడు. ఇంకేదో కబురు. ఆ కబురు మధ్యలోంచి ఒక్కసారిగా, "భక్త మహాశయులారా!"

నేను ఆపేశాను. సుందరరావు గారు పెదాలు కదపలేదు ఈసారి. స్టూలు దగ్గరికి జరుపుకుని, అరచేయి స్పీకరు మీద ఆనించారు. జ్వరం చూసేటప్పుడు నుదుటి మీద పెడతామే, అలా. కండువా త్వరత్వరగా లేచి పడుతోంది. మళ్ళీ పెట్టమని ఆయన అడగలేదు. నేనే పెట్టాను.

రేవతికి ఫోన్ చేసి, విను అని స్పీకరు దగ్గర పట్టుకున్నాను. అయిపోయాక అటునుంచి పసిపిల్ల కూ కూ అంటోంది.

"ఆ రెండోది ఎవరక్కా?" అంది రేవతి. తెలిసే అడుగుతోంది.

"మీ అమ్మగారు."

"అమ్మది మా దగ్గర ఒక్క మాట కూడా లేదు. వీడియో తీస్తే ముఖం తిప్పుకునేది. నా మొహానికి వీడియో ఒకటా అనేది." మళ్ళీ తనే, "సీసా ఇచ్చిందా?" అంది.

ఇచ్చిందన్నాను.

ఆదివారం బారసాలకు వెళ్ళాను. చెవిలో వినిపించడానికి "జానకి" అన్న ఒక్క మాటే కత్తిరించి, మూడుసార్లు అతికించి ఇస్తానని ముందు రోజే అన్నాను. సుందరరావు గారు ఒప్పుకోలేదు. రెండు వేళ్ళను కత్తెరలా ఆడించి, వద్దని తల అడ్డంగా ఊపారు. ఉన్నదున్నట్టు కావాలి. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాశారు. పిల్లను ఆయన చేతికిచ్చారు. ఆయన ఫోను చిన్న శబ్దంలో పెట్టి, దాన్ని తన పెదాల పక్కన పట్టుకుని, పిల్ల చెవి దగ్గరికి వంగారు. ఇప్పుడు పెదాలు కదిలాయి. జానకీ, ఆ మంచినీళ్ళ సీసా ఇటియ్యి. మెల్లగా చెప్పండి, నేనేం ఊరి చివర లేను. మూడుసార్లు. మూడోసారికి పిల్ల కళ్ళు తెరిచి ఆ చప్పుడు వైపు చూసింది. వెనక నుంచి ఒక పెద్దావిడ, "పేరు పెట్టకముందే పని చెప్పాడు. అది అప్పుడే ఎదురు మాట్లాడింది," అంది. అందరూ నవ్వారు. రేవతి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన పిల్ల చెవి దగ్గర నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఈ కథ విన్నవాళ్ళు కొందరు, అయితే మామూలు డిస్కే గట్టిదన్నమాట అంటారు. కాదు. ఒక డిస్కు పోయి ఒకటి మిగిలితే దాన్ని పోలిక అనరు, అదృష్టం అంటారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఆ పాతది తిరిగేదే కాదేమో. రోజంతా నడవాల్సిన చోటికి, తోడుగా ఇంకోటి పెట్టగలిగిన చోటికి ఎంటర్‌ప్రైజ్ డిస్కే కొనమంటాను ఇప్పటికీ. ఇంట్లో పెళ్ళి ఫోటోలకు మామూలువి రెండు చాలు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి మీ అక్కయ్య ఇంట్లో. ఏ డిస్కు మంచిదని అడిగితే, ఇది పోతే ఇంకోటి ఎక్కడుంది అని తిరిగి అడుగుతాను. భాస్కర్ గారు ఇప్పుడు మెయిన్ ఆపే ముందు కంప్యూటరును పద్ధతిగా ఆపి, కొత్త డిస్కు లైటు ఆరేదాకా దాని ముందు నిలబడుతున్నారు. దండం కూడా అటే పెడుతున్నారని సందులోవాళ్ళు ఏడిపిస్తున్నారు.

నేను నేర్చుకున్నది మాత్రం డిస్కుల గురించి కాదేమోనని ఇది రాస్తున్న ఈ రాత్రి అనిపిస్తోంది. ఏది మంచి, ఏది చెత్త అని మనం వేరుచేసి దాచుకుంటాం. అలా వేరుచేసే చేతికి ఏం తెలుసు?

బారసాల మర్నాడు పొద్దున్న, పిల్లలు ఇడ్లీ తింటుంటే ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కాను. పెద్దవాడు వెంటనే నిటారుగా కూర్చుని, రైమ్ చెప్పాలా, పద్యం చెప్పాలా అని అడిగాడు. చిన్నది, జడ వేశాక చెబుతానంది.

"ఏమీ చెప్పొద్దురా," అన్నాను. "రోజూ నన్ను ఎలా పిలుస్తారో అలా పిలవండి. నోట్లో ఇడ్లీ ఉన్నా పర్లేదు. నేను ఇక్కడే ఉన్నా, పలుకుతా."